ఫతే మైదాన్‌లో నలుగురు: హైదరాబాద్ ఓపెన్ మహిళల డబుల్స్, 2003–2005

గత భాగాన్ని అఫ్రో ఏషియన్ క్రీడల దగ్గర ఆపాం. 2003 నవంబరు మొదటి రోజున ఆ సంబరం ముగిసింది. టెన్నిస్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచిన సానియా మీర్జాకు అప్పటికింకా పదిహేడు నిండలేదు. ఈ భాగం మూడున్నర నెలలు ముందుకెళ్లి, 2004 ఫిబ్రవరి మూడో వారంలో ఫతే మైదాన్ టెన్నిస్ కోర్టుల మీద మొదలవుతుంది. గోల్కొండ ముట్టడినాడు మొగలు సేనలు దిగిన మైదానం ఇదే. ఆ కథ క్రికెట్ భాగంలో చెప్పుకున్నాం కాబట్టి మళ్లీ అక్కర్లేదు.

ఆ వారం అక్కడ ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్ జరిగింది. సింగిల్స్ టైటిల్ ఆస్ట్రేలియా క్రీడాకారిణి నికోల్ ప్రాట్‌ది. ఫైనల్లో ఆమె రష్యా అమ్మాయి మరియా కిరిలెంకోను 7–6, 6–1తో ఓడించింది. టోర్నీల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఈ ఒక్క వాక్యంతో ఆ ఏడాదిని ముగించేస్తారు. నా లెక్క వేరు. ఆ వారానికి చరిత్రలో చోటు దక్కిందంటే అది డబుల్స్ ఫైనల్ వల్లే. ఒక వైపు దక్షిణాఫ్రికాకు చెందిన లీజెల్ హ్యూబర్, ఆమె పక్కన సానియా. నెట్‌కు అవతల చైనా జోడీ లీ టింగ్, సున్ తియాన్‌తియాన్. ఐదు నెలలు తిరక్కుండానే హ్యూబర్ వింబుల్డన్ డబుల్స్ ఫైనల్ ఆడింది. ఆరో నెలలో చైనా జోడీ ఒలింపిక్ స్వర్ణం మెడలో వేసుకుంది. ఆ నలుగురిలో చిన్నదైన సానియా పదకొండేళ్లకు ప్రపంచ డబుల్స్ ర్యాంకింగుల్లో మొదటి స్థానానికి చేరింది. ఇంతటి మ్యాచ్ ఇంత చిన్న టోర్నీలో ఎలా పడిందన్నది తెలియాలంటే ముందు ఆ టోర్నీ సంగతి చూడాలి.

మగవాళ్ల టెన్నిస్‌కు మన దేశంలో అప్పటికే ఒక చిరునామా ఉంది. 1996లో ఢిల్లీలో మొదలై, మరుసటి ఏడు చెన్నై చేరిన టోర్నీకి ఏటా జనవరిలో పేరున్న ఆటగాళ్లు వచ్చేవారు. ఆడవాళ్ల టూర్‌కు అలాంటి విడిది లేదు. 2003 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆ లోటు తీర్చింది. అవి చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నగరాన్ని ప్రపంచ పటంలో పెట్టాలని తహతహలాడుతున్న రోజులు. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003లో అఫ్రో ఏషియన్ క్రీడలు, మధ్యలో ఈ టెన్నిస్. అందుకే టోర్నీ పేరుకు ముందు ఏ కంపెనీ పేరూ కాక రాష్ట్ర పర్యాటక శాఖ పేరు పడింది. 2004 మేలో ప్రభుత్వం మారింది. అయినా 2005 టోర్నీ కూడా అదే పేరుతో జరిగింది. మన రాష్ట్రంలో ప్రభుత్వం మారాక కూడా పాత బోర్డు నిలిచి ఉండటం అరుదే, గుర్తుపెట్టుకోదగ్గదే.

స్థాయి మాత్రం చిన్నది. మహిళల టూర్‌ను అప్పట్లో శ్రేణులుగా విభజించేవారు. హైదరాబాద్‌ది నాలుగో శ్రేణి. మొత్తం ప్రైజ్ మనీ 1,40,000 డాలర్లు. విలియమ్స్ అక్కచెల్లెళ్లు, హెనిన్, క్లైస్టర్స్ వంటివాళ్లు ఆ డబ్బుకు, ఆ ర్యాంకింగ్ పాయింట్లకు ఇంత దూరం రారు. వచ్చేది యాభై, వంద ర్యాంకుల మధ్య ఉన్నవాళ్లు, పైకి ఎగబాకాలనుకునే కుర్ర అమ్మాయిలు, కెరీర్ చివర్లో ఒక్క టైటిలైనా చూడాలనుకునేవాళ్లు. తొలి ఏడాది సింగిల్స్ గెలిచిన థాయ్‌లాండ్ తార టమరిన్ తనసుగార్న్‌కు అదే తొలి టూర్ టైటిల్. ఫైనల్లో ఆమె చేతిలో ఓడిన ఉజ్బెకిస్తాన్ క్రీడాకారిణి ఇరోడా తుల్యగనోవా ఉత్త చేతులతో తిరిగి వెళ్లలేదు. రష్యాకు చెందిన ఎలీనా లిఖోవ్‌త్సెవాతో కలిసి డబుల్స్ గెలుచుకుంది. ఆ ఫైనల్లో అవతలి జోడీ కులికోవ్‌స్కాయా, పుచెక్. అంటే ఒక రష్యన్, ఒక బెలారూస్ అమ్మాయి. నలుగురూ ఒకే సోవియట్ బడిలో ఆట నేర్చినవాళ్లు. దేశం పన్నెండేళ్ల కిందటే ముక్కలైనా ఆ బడి పిల్లలు ఫతే మైదాన్ దాకా వచ్చి తమలో తామే ఫైనల్ ఆడుకున్నారు. ఆ ఏటి డబుల్స్ గురించి ఇంతకు మించి చెప్పుకోవాల్సింది లేదు.

ఇలాంటి టోర్నీలో డబుల్స్‌కు ఎవరు దిగుతారు? పదహారు జోడీల డ్రా, నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే టైటిల్. ప్రవేశం ఇద్దరి ర్యాంకులూ కూడి చూసి ఇస్తారు. డబుల్స్‌కు దక్కేది సింగిల్స్ సొమ్ములో చిన్న పాలు, ఆ పాలునూ ఇద్దరూ పంచుకోవాలి. అందుకని చాలామందికి అది పక్క ఆదాయం. సింగిల్స్‌లో ముందే ఓడినా ఆ వారం హోటల్ ఖర్చు గిట్టుబాటయ్యే మార్గం. జోడీలు కూడా చాలావరకు అక్కడికక్కడే కుదురుతాయి. ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు. కోర్టు ఇరవై ఏడు అడుగుల నుంచి ముప్పై ఆరు అడుగుల వెడల్పుకు పెరుగుతుంది, మనిషికి కాపలా కాయాల్సిన మేర మాత్రం తగ్గుతుంది. సర్వీస్‌లో పస తక్కువైనా నెట్ దగ్గర భాగస్వామి దాన్ని కప్పిపుచ్చగలదు. రిటర్న్ బలంగా ఉన్న అమ్మాయికి డబుల్స్‌లో ఎప్పుడూ గిరాకీయే.

అందరూ పక్క ఆదాయంగా చూస్తున్న ఈ ఆటను ఒక దేశం మాత్రం ప్రణాళికలో రాసుకుంది.

2001 జూలైలో బీజింగ్‌కు 2008 ఒలింపిక్స్ దక్కాయి. సొంత గడ్డ మీద ఏ ఆటలో పతకం తేగలమన్న వెతుకులాట చైనా క్రీడాధికారులకు అప్పుడే మొదలైంది. టెన్నిస్‌లో వాళ్లకు అప్పటివరకూ ఒలింపిక్ పతకం లేదు. సింగిల్స్‌లో పాశ్చాత్యుల బలం ముందు నిలబడటం కష్టమని, డబుల్స్‌లో చురుకుదనానికీ సమన్వయానికీ విలువ ఎక్కువని వాళ్లు లెక్క వేశారు. పెద్ద తారలు డబుల్స్ మీద పెద్దగా దృష్టి పెట్టరన్నదీ ఆ లెక్కలో భాగమే. ఈ ఆలోచనకు పట్టుబట్టి ఊపిరి పోసిన వ్యక్తి సున్ జిన్‌ఫాంగ్. ఆమె టెన్నిస్ మనిషి కాదు. 1981లో ప్రపంచ కప్ గెలిచిన చైనా మహిళల వాలీబాల్ జట్టుకు కెప్టెన్. దేశ టెన్నిస్ కేంద్రం పగ్గాలు ఆమె చేతికి వచ్చాక వాలీబాల్ పద్ధతి టెన్నిస్‌లోకి వచ్చింది. జోడీని ఒకసారి కుదిర్చితే విడగొట్టరు. ఇద్దరూ కలిసే ఉంటారు, కలిసే తిరుగుతారు, ఒకే కోచ్ దగ్గర రోజూ అవే కదలికలు వందలసార్లు చేస్తారు. బయటి టూర్‌లో వారానికో భాగస్వామి మారే కాలంలో ఇది చిన్న బలం కాదు.

లీ టింగ్ వుహాన్ అమ్మాయి. మొదట్లో ఆమె జోడీ అదే ఊరి లీ నా. ఇద్దరూ కలిసి 2000లో తాష్కెంట్‌లో టూర్ టైటిల్ గెలిచారు. 2002లో లీ నా విసిగిపోయి ఆట మానేసి యూనివర్సిటీలో చేరింది. తరవాత సున్ జిన్‌ఫాంగ్ నచ్చజెప్పాక తిరిగొచ్చి 2011లో ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ గెలిచిన లీ నా ఈమే. లీ టింగ్ పక్కన కుదిరిన కొత్త మనిషి హెనాన్ ప్రాంతపు సున్ తియాన్‌తియాన్. 2003లోనే వీళ్లిద్దరూ టూర్ టైటిళ్లు గెలవడం మొదలుపెట్టారు. 2004 ఫిబ్రవరిలో వీళ్లు హైదరాబాద్‌లో ఉన్నారంటే అది ఆటవిడుపు కాదు. ఆ వేసవిలో ఏథెన్స్ ఒలింపిక్స్ ఉన్నాయి. ప్రవేశానికి ర్యాంకింగ్ కావాలి, ర్యాంకింగ్‌కు పాయింట్లు కావాలి. పెద్ద తారలు రాని ఆసియా టోర్నీల్లో పాయింట్లు దొరుకుతాయి. మన పర్యాటక శాఖ చార్మినార్‌ను చూపించడానికి పెట్టిన టోర్నీ, చైనా లెక్కలో ఏథెన్స్ దారిలో ఒక మజిలీ.

నెట్‌కు ఇవతలి వైపు ఇంత ఏర్పాటు లేదు. సానియాకు కోచ్ తండ్రి ఇమ్రాన్ మీర్జాయే. ఆర్థికంగా నగరానికే చెందిన జీవీకే సంస్థ అండ ఉంది. 2003 జూలైలో అలీసా క్లెబనోవా అనే పదమూడేళ్ల రష్యన్ పిల్లతో కలిసి వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచింది కాబట్టి పేరు అప్పటికే దేశమంతా తెలుసు. అయితే జూనియర్ వేరు, టూర్ వేరు. హైదరాబాద్‌లో ఆ వారం సింగిల్స్‌లో ఆమె నికోల్ ప్రాట్ చేతిలో ఓడింది. అప్పటికి ఆమె బలమంతా ఫోర్‌హ్యాండ్‌లో ఉంది. బంతి ఎత్తు కుదిరితే ప్రపంచంలో ఎవరితోనైనా సమానంగా కొట్టగలదు. సర్వీస్, నెట్ దగ్గర ఆట ఇంకా కుదురుకోలేదు.

ఈ లోటుకు సరిపోయే తోడు హ్యూబర్. డర్బన్‌లో 1976లో పుట్టిన ఆమెకు అప్పటికి ఇరవై ఏడేళ్లు. సింగిల్స్‌లో పెద్దగా సాధించిందేమీ లేదు. డబుల్స్‌నే వృత్తిగా మలచుకుంటున్న రకం. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు అడ్డు దూకాలి, కుర్ర భాగస్వామి తడబడితే ఏం చెప్పాలి అన్నవి ఇలాంటివాళ్లకు కంఠతా వచ్చి ఉంటాయి. తరవాతి కాలంలో ఆమె కారా బ్లాక్‌తో కలిసి వింబుల్డన్, ఆస్ట్రేలియన్, యూఎస్ ఓపెన్ టైటిళ్లు గెలిచింది. 2007లో అమెరికా పౌరసత్వం తీసుకుంది, ఆ ఏడే ప్రపంచ నంబర్ వన్ అయింది. 2004లో ఇదంతా ఇంకా కడుపులోనే ఉంది.

ఫైనల్ స్కోరు 7–6, 6–4. తొలి సెట్ రెండు వైపులా సమానంగా సాగి టైబ్రేక్‌కు వెళ్లింది. టైబ్రేక్ మాత్రం ఏకపక్షం, 7–1. రోజూ కలిసి ఆడే జోడీ ఒత్తిడి వేళ నిలుస్తుందని, తాత్కాలిక జోడీ చెదురుతుందని డబుల్స్ పాఠాలు చెబుతాయి. ఆ సాయంత్రం తిరగబడింది. దీనికి కారణం సొంత ఊరి జనమని తేల్చేయడం సులువే. నాకు తోచేది ఇంకొకటి: టైబ్రేక్‌లో ఒకటి రెండు గట్టి రిటర్న్‌లు పడితే చాలు, సమన్వయానికి పని పడదు. సానియా దగ్గర ఉన్నదే అది. రెండో సెట్లో ఒక్క సర్వీస్ తేడా సరిపోయింది.

భారత మహిళ ఒకరు డబ్ల్యూటీఏ టూర్‌లో టైటిల్ గెలవడం అదే మొదటిసారి. సింగిల్స్‌లోనా డబుల్స్‌లోనా అన్న తేడా లేకుండా, అంతకు ముందు ఎవరికీ లేదు. ఈ మాట ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. సానియా తొలి టైటిల్ ఏదని ఇవాళ అడిగితే పదిమందిలో తొమ్మిది మంది 2005 అంటారు. డబుల్స్‌కు మన జ్ఞాపకంలో ఉన్న చోటు అంత. అందులోనూ మనకు డబుల్స్ అంటే పేస్, భూపతి. ఆడవాళ్ల డబుల్స్ అంటూ ఒకటుందని ఆనాటికి ఎవరూ పట్టించుకున్నది లేదు.

ఆగస్టు వచ్చింది. ఏథెన్స్‌లో మన ఆశలన్నీ పేస్, భూపతిల మీదే. సెమీస్‌లో ఓడి, కాంస్యం కోసం క్రొయేషియా జోడీతో ఆడి, మూడో సెట్ 16–14 దాకా లాగి ఓడారు. ఆ ఏడు దేశానికి దక్కింది రాజ్యవర్ధన్ రాథోడ్ తెచ్చిన రజతం ఒక్కటే. మహిళల డబుల్స్‌లో మాత్రం ఎవరూ ఊహించనిది జరుగుతోంది. లీ టింగ్, సున్ తియాన్‌తియాన్ మొదటి రౌండ్‌లోనే వీనస్ విలియమ్స్, చందా రూబిన్ జోడీని మూడు సెట్లలో పడగొట్టారు. సెమీఫైనల్లో అర్జెంటీనా జోడీ సువారెజ్, తారబినీ మీద చివరి సెట్ 9–7. ఫైనల్లో స్పెయిన్‌కు చెందిన కొంచితా మార్తినెజ్, రువానో పాస్కువల్‌లను 6–3, 6–3తో తేలిగ్గా ఓడించారు. టెన్నిస్‌లో చైనాకు అది తొలి ఒలింపిక్ పతకం, అదీ బంగారం. 2008 కోసం వేసిన ప్రణాళిక నాలుగేళ్లు ముందే ఫలించింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో ఈ జోడీని వరస సెట్లలో ఓడించిన అమ్మాయి ఒలింపిక్స్ మొదటిసారి ఆడింది 2008లో.

దీన్నుంచి మనవాళ్లు అన్యాయం చేశారు, వాళ్లు న్యాయం చేశారు అనే లెక్కకు దిగను. చైనా పద్ధతికి వెల ఉంది. అప్పట్లో కోచ్‌ను ఎంచుకునే హక్కు ఆటగాళ్లకు ఉండేది కాదు, భాగస్వామిని ఎంచుకునే హక్కూ ఉండేది కాదు. ప్రైజ్ మనీలో ఎక్కువ భాగం వ్యవస్థకే కట్టాల్సి వచ్చేది. బీజింగ్ ఒలింపిక్స్ ముగిశాక లీ నా, జెంగ్ జీ, పెంగ్ షువాయ్, యాన్ జీ ఈ కట్టుబాటు నుంచి బయటపడి సొంతంగా ఆడే వెసులుబాటు తెచ్చుకున్నారు. సానియాకు ఆ సంకెళ్లు లేవు. ఆ వెనుదన్నూ లేదు. ఒక ఇల్లు, ఒక సంస్థ అండతో ఆమె చేరిన చోటికి వాళ్లు ఒక ప్రభుత్వంతో చేరారు. రెండూ ఒకే కోర్టు మీద ఎదురుపడిన వారం కాబట్టే 2004 హైదరాబాద్ డబుల్స్‌ను ఇంత సేపు చూస్తున్నాం.

2005 ఫిబ్రవరిలో మూడోసారి టోర్నీ జరిగింది. ఈసారి ఊరంతా సానియా సింగిల్స్ చుట్టూ తిరిగింది, తిరగాలి కూడా. అప్పుడే ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్‌లో సెరీనా విలియమ్స్‌తో ఆడి వచ్చిన అమ్మాయి. ఫైనల్లో యుక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండారెంకోను 6–4, 5–7, 6–3తో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ అయింది. ఆ హోరులో డబుల్స్ ఫైనల్ ఎవరికి గుర్తుంటుంది? కానీ దాన్ని చూడండి. నలుగురూ చైనావాళ్లే. ఒక వైపు ఒలింపిక్ విజేతలు లీ టింగ్, సున్ తియాన్‌తియాన్. రెండో వైపు యాన్ జీ, జెంగ్ జీ. 6–4, 6–1తో యాన్, జెంగ్ గెలిచారు. సోవియట్ బడి పిల్లలు నలుగురు ఫైనల్ ఆడి రెండేళ్లే అయింది. ఆ బరి నిండా ఇప్పుడు కొత్త బడి. పదకొండు నెలల తరవాత, 2006 జనవరిలో, యాన్ జీ, జెంగ్ జీ ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచారు. చైనాకు అది తొలి గ్రాండ్ స్లామ్ టైటిల్. జూలైలో వింబుల్డన్ కూడా వాళ్లదే. 2008లో బీజింగ్‌లో వాళ్లు కాంస్యం గెలిచింది బొండారెంకో అక్కచెల్లెళ్ల మీద. అంటే హైదరాబాద్ సింగిల్స్ ఫైనల్లో ఓడిన అల్యోనా, ఆమె చెల్లెలు కాతెరీనా. ఆ అక్కచెల్లెళ్లు అంతకు ఏడు నెలల ముందు ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ విజేతలు.

హైదరాబాద్ డ్రాల్లోని పేర్లను ఇలా ముందుకు తోలుకెళ్తే మళ్లీ మళ్లీ ఒకరికొకరు తగులుతారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో డబుల్స్ కాంస్యం కోసం ఆడినవాళ్లలో 2004 సింగిల్స్ ఫైనలిస్టు కిరిలెంకో ఒకరు, అమెరికా తరఫున హ్యూబర్ ఇంకొకరు. కిరిలెంకో జోడీ గెలిచింది. 2008 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో సానియా, మహేశ్ భూపతి ఓడింది సున్ తియాన్‌తియాన్, నెనాద్ జిమోనిచ్ చేతిలో. స్కోరు 7–6, 6–4. ఫతే మైదాన్‌లో వేసిన అంకెలే, గెలిచినవాళ్లు మారారంతే. 2013లో సానియా యూఎస్ ఓపెన్ సెమీస్‌కు చేరినప్పుడు పక్కన ఉన్నది జెంగ్ జీ, 2005లో హైదరాబాద్‌లో డబుల్స్ గెలిచిన జెంగ్ జీయే.

సానియా సింగిల్స్‌లో ఇరవై ఏడో ర్యాంకు దాకా వెళ్లింది. మన దేశ మహిళల్లో ఆ ఎత్తు ఇంకెవరూ చూడలేదు. తరవాత గాయాలు, ముఖ్యంగా మణికట్టు, ఆమెను పూర్తిగా డబుల్స్ వైపు మళ్లించాయి. విమర్శకులు దీన్ని దిగడం అన్నారు. 2015 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆ ఏడే మార్టినా హింగిస్‌తో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 మొదట్లో ఆస్ట్రేలియన్ ఓపెన్, ఆ మధ్యలో వరసగా నలభై ఒక్క విజయాలు. టూర్ డబుల్స్ టైటిళ్లు మొత్తం నలభై మూడు. దిగడం ఇలా ఉంటే దిగవచ్చు. నలభై మూడోది 2021 సెప్టెంబరులో చెక్ దేశంలోని ఒస్ట్రావాలో గెలిచింది. ఆ వారం ఆమె భాగస్వామి చైనాకు చెందిన జాంగ్ షువాయ్.

2005తో హైదరాబాద్‌లో ఆ టోర్నీ ముగిసింది. మరుసటి ఏడు అది బెంగళూరుకు తరలిపోయింది. 2006లో అక్కడ డబుల్స్ గెలిచింది మళ్లీ హ్యూబర్, సానియాలే. ఆ సంవత్సరమే కోల్‌కతాలోనూ గెలిచారు. 2008 వచ్చేసరికి బెంగళూరు టోర్నీ రెండో శ్రేణికి పెరిగి, ప్రైజ్ మనీ 6,00,000 డాలర్లయింది. సింగిల్స్‌కు సెరీనా విలియమ్స్ వచ్చి గెలిచి వెళ్లింది. డబుల్స్ పెంగ్ షువాయ్, సున్ తియాన్‌తియాన్‌లది. నాలుగేళ్ల కిందట ఫతే మైదాన్‌లో ఓడి వెళ్లిన సున్ మన గడ్డ మీద కప్పు ఎత్తింది బెంగళూరులోనే.

(సశేషం)